సేవ చేస్తానన్నా ఫాదర్ గారు పిలవట్లేదా?

చర్చిలో సేవ చేస్తానని ఫాదర్ గారితో చెప్పి మూడు నెలలైనా పిలుపు రాలేదని, మీరంటే చిన్నచూపేమోనని అడిగారు. ఫాదర్ గారికి మీ మీద చిన్నచూపేం లేదండీ. పూజ అయ్యాక గుమ్మం దగ్గర ‘ఏదైనా సేవ ఉంటే చెప్పండి ఫాదర్’ అంటే ఆయన సరేనంటారు, ఆ వెనకే ఇంకో నలుగురు ఆయన కోసం కాచుకుని ఉంటారు, అక్కడితో మర్చిపోతారు. మూడు నెలలుగా పిలుపు రాకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. విచారణలో (ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధిలో) సేవ చాలావరకు నడిచేది సంఘాల చేతుల్లో.

1. పేదలకి సాయం చేసే విన్సెంట్ డి పాల్ సభ (1833లో పారిస్‌లో ఓజనాం అనే ఆయన, ఆయన స్నేహితులు మొదలుపెట్టింది) మీ విచారణలో ఉందేమో ఉపదేశిని (విచారణలో మతబోధ చేసే ఆయన్ని) అడగండి.

2. అందరూ వదిలేసేది ఇదే: పని అడగకుండా ముందు వాళ్ళ మీటింగ్‌కి వెళ్ళి కూర్చోండి. ప్రార్థన అయ్యాక ఏ ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, ఎవరి పిల్లల ఫీజు ఆగిపోయింది అన్నది అక్కడే తేలుస్తారు; సంచి తిప్పుతారు, ఎవరెంత వేశారో ఎవరికీ తెలీదు. ఇళ్ళకి ఇద్దరిద్దరుగా వెళ్తారు కాబట్టి కొత్తవాళ్ళని పాతవాళ్ళకి జత చేస్తారు. కొన్ని వారాలు మానకుండా కనిపించండి, పని దానంతటదే మీ మీద పడుతుంది.

3. జపమాల, నలుగురితో మాట్లాడటం మీకు నప్పితే లీజియన్ ఆఫ్ మేరీ అనే సంఘం చూడండి, వాళ్ళు డబ్బు, వస్తువుల సాయం చేయరు.

మంచాన పడ్డవాళ్ళకి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకెళ్ళాలని ఉందన్నారు. దానికి అనుమతి కావాలి, అది తర్వాత.