ఎనిమిదో తరగతి ఆడపిల్లల స్కాలర్‌షిప్ గురించి, కొత్త టీచరమ్మకు

అమ్మాయ్,

గద్వాల దగ్గర హైస్కూల్లో ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్‌గా వేశారని విని సంతోషించాను. ఆడపిల్లలు తొమ్మిదిలోకి వచ్చేసరికి బడి మానేయకుండా ఈ స్కాలర్‌షిప్‌లు నిజంగా ఆపుతాయా అని అడిగావు. ఆపుతాయి, డబ్బు ఖాతాలో పడితే. పరీక్ష నెగ్గి కూడా రూపాయి అందని పిల్లల్ని చాలామందిని చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఎన్‌ఎంఎంఎస్ పట్టుకో, అంటే ఎనిమిదిలో పరీక్ష పెట్టి ఇచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఎనిమిదితో చదువు ఆగిపోయే పేద పిల్లల కోసమే కేంద్రం 2008లో దీన్ని పెట్టింది. సర్కారు, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బళ్ల పిల్లలు రాయొచ్చు, ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 దాటకూడదు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000. బాగా చదివే నలుగురి చేతే అప్లై చేయించి ఊరుకునే అలవాటు కొన్ని బళ్లలో ఉంది. నువ్వు అలా చేయకు. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ ఎస్టీలైతే 50 శాతం వచ్చిన ప్రతి పిల్ల చేతా రాయించు. మన పిల్లలకు సబ్జెక్టుల పేపరంటే పెద్ద భయం ఉండదు, గుబులంతా రీజనింగే. రోజూ ప్రార్థన కాగానే బోర్డు మీద రెండు లెక్కలు వెయ్యి: అద్దంలో కనిపించే గడియారం, వరుసలో తప్పిపోయిన అంకె, ఇలాంటివి. నెల తిరిగేసరికి వాళ్లే నీకంటే ముందు చెప్పేస్తారు.

అసలు చిక్కు వేరే. అప్లికేషన్లు పెట్టే రోజులూ, విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో క్రాసింగ్ రోజులూ ఒకటే. మగపూల పుప్పొడి ఆడపూలకు అద్దే పనికి ఆడపిల్లల వేళ్లే బాగుంటాయంటారు. తండ్రి ఆర్గనైజర్ దగ్గర, అంటే సీడు కంపెనీకీ రైతుకీ మధ్య ఉండేవాడి దగ్గర, ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటాడు. ఆ ఇంటికి వెళ్లి చదువు గొప్పతనం గురించి మొదలుపెట్టావో, మంచినీళ్లిచ్చి పంపేస్తారు. లెక్క చెప్పు: నాలుగేళ్లకు 48,000, పిల్ల పేరు మీదే పడుతుందని. ఆడపిల్ల పెళ్లికి సర్కారిచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 సంగతి తెలియని తండ్రి ఉండడు, ఎన్‌ఎంఎంఎస్ పేరు మాత్రం విననే వినరు! ఆ కల్యాణలక్ష్మికైనా పిల్లకు 18 నిండాలి కదా, అందాకా చదవనివ్వండి అను. తల్లి అక్కడే ఉండేలా చూసుకో, చాలా ఇళ్లలో ముందు మెత్తబడేది ఆమే. డబ్బు ఆలస్యంగా పడుతుందని కూడా ముందే చెప్పెయ్యి. జూన్‌లో పుస్తకాలకు అందుతుందనుకుని అందకపోతే, మరుసటి ఏడు నీ మాట నమ్మరు.

ఇక కాగితాలు. ఫారం నింపే ముందు పిల్ల ఆధార్, బడి రికార్డు, బ్యాంకు పాస్‌బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం ఉంటుంది, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది, మరోచోట పేరు చివరికి పోతుంది. పుట్టినతేదీ అయితే సగం ఆధార్‌లలో జనవరి 1. సరిచేయించడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ పని జూలైలోనే మొదలుపెట్టు. 15 నిండిన పిల్ల ఆధార్‌కు వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి, అదీ మరిచిపోతారు. "బ్యాంకులో ఆధార్ ఇచ్చాం మేడం" అంటే సరిపోయిందనుకోకు. జిరాక్స్ ఇవ్వడం వేరు, సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో పడేలా డీబీటీకి లింకు చేయించడం వేరు. కౌంటర్లో ఆ మాటే అడగమను. ఏళ్ల తరబడి లావాదేవీ లేని ఖాతా మూలపడుతుంది, అప్పుడప్పుడూ వంద వేసి తీస్తుంటే చాలు. ఫోన్ నంబరు తల్లిది ఇప్పించు. నాన్నలు సిమ్ములు మారుస్తుంటారు, ఓటీపీ ఎవరికో పోతుంది.

ఎంపికయ్యాక చాలామంది టీచర్లు చేతులు దులుపుకుంటారు. నాకు కోపం తెప్పించేది అదే. తొమ్మిదిలో నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కొత్తగా నమోదు చేయాలి, తర్వాత ఏటా రెన్యువల్ చేయాలి. బడి నుంచి ఒకసారి, జిల్లా నుంచి ఒకసారి వెరిఫై కావాలి. పిల్ల అప్లై చేసింది, బడి లాగిన్‌లో ఎవరూ నొక్కలేదు, ఆ ఏడాది డబ్బు పోయింది. ఇలా జరుగుతుంది. గడువు తేదీ స్టాఫ్‌రూమ్ గోడ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి అంటించు, హెడ్మాస్టరు గారికి నచ్చినా నచ్చకపోయినా.

ఎన్‌ఎంఎంఎస్ ఇంటర్‌లోనూ కొనసాగాలంటే పదో తరగతిలో 60 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకు 55. ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీలో చేరితే ఇది ఆగిపోతుంది. పది ఫలితాలు రాగానే కాలేజీల పీఆర్వోలు బైకు మీద ఊళ్లోకి దిగి "ఫీజు లేదు" అంటారు. హాస్టలు, పుస్తకాలు, పరీక్ష ఫీజు అన్నీ కాగితం మీద రాసివ్వమని అడగమను, తండ్రులకు చాలావరకు అక్కడే అర్థమైపోతుంది.

పాలిటెక్నిక్‌కు వెళ్లే పిల్ల ఉంటే ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఆడపిల్లలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ చూడు. ఏడాదికి 50,000, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు, ఆదాయం 8 లక్షలు మించకూడదు. మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి, రెండో ఏడు గుర్తొస్తే లాభం లేదు, లేటరల్ ఎంట్రీలో, అంటే నేరుగా రెండో ఏడాదిలోనే కొత్తగా చేరినవాళ్లకు తప్ప.

రీజనింగ్ పాత పేపర్ల కట్ట ఒకటి నా దగ్గర ఉంది. మీ ఊరి నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే ఫోన్ చెయ్యి, ఇచ్చి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ టీచర్