ఓడిపోయినా మళ్లీ ఆడించే పాత ఆటలు

పోయిన నెల ఈ పేజీలో పాత వీడియో గేముల గురించి ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు నాకు ఇంతకుముందెప్పుడూ రాలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: చిన్నప్పుడు ప్యాక్-మ్యాన్ అంటే నాకు ప్రాణం. మొన్న మళ్లీ ఆడితే అప్పటంత సంతోషమూ కలిగింది. మా అబ్బాయి మాత్రం "అది నీ చిన్నతనం మీద మమకారం నాన్నా, ఆటలో ఏమీ లేదు" అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మమకారం ఉంటుంది, కాదనను. ఆ మమకారం ఏమాత్రం లేనివాళ్ల చేతికి ఆట ఇచ్చి చూడండి, సంగతి తేలిపోతుంది. మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. ప్యాక్-మ్యాన్ పేరు కూడా వినని పిల్ల. వంకరదారుల్లో చుక్కలు తింటూ, నాలుగు దయ్యాలకు చిక్కకుండా తిరిగే ఆట అది. కంట్రోలర్ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు వరసగా దొరికిపోయింది. తర్వాత ఉన్నట్టుండి, "పిన్నీ, ఈ నారింజ దయ్యం నా దగ్గరదాకా వచ్చి భయపడి వెనక్కి పోతోంది, చూశావా?" అంది.

ఆ పిల్ల కనిపెట్టింది అక్షరాలా నిజం. 1980లో నామ్కో సంస్థలో తోరు ఇవతాని బృందం ఈ ఆట తయారుచేసినప్పుడు నాలుగు దయ్యాలకూ నాలుగు రకాల బుద్ధులు పెట్టింది. ఎర్రది నేరుగా మీరున్న గడికే వస్తుంది. గులాబీది మీరు వెళ్తున్న దిక్కున నాలుగు గళ్లు ముందు కాపు కాయాలని చూస్తుంది. నీలిది మీ స్థానాన్నీ ఎర్రదాని స్థానాన్నీ కలిపి లెక్కవేసుకుని బయలుదేరుతుంది కాబట్టి, ఎర్రది మీకు దగ్గరైతే ఇదీ దగ్గరవుతుంది. నారింజది దూరంగా ఉన్నంతసేపూ తరుముతుంది. ఎనిమిది గళ్ల లోపుకు రాగానే ఎడమవైపు కింది మూలకు మళ్లిపోతుంది. నాణెం వేసి ఆడే అసలైన ఆర్కేడ్ యంత్రంలో మొదటి లెవెల్ మొదలవగానే 7 సెకన్లపాటు నాలుగూ తమ తమ మూలలకు పోతాయి, ఆ తర్వాత 20 సెకన్లు వెంటాడతాయి, మళ్లీ 7 సెకన్లు వదిలేస్తాయి. ఇదంతా ఎవరూ చెప్పరు. చూసిన కొద్దీ మనకే తెలుస్తుంది.

పాత ఆటలను తూచడానికి నా దగ్గరున్న కొలబద్ద ఒక్కటే. ఓడిపోయిన మరుక్షణం "తప్పు నాదే, ఆ మలుపు దగ్గర పైకి వెళ్లి ఉండవలసింది" అని స్పష్టంగా తెలియాలి. అలా తెలిస్తే చేయి ఊరుకోదు, మళ్లీ మొదలుపెడుతుంది. మీ అబ్బాయికి ఒక్క మెళకువ నేర్పండి. మలుపు రాకముందే ఆ దిక్కుకు తిప్పి పట్టుకుంటే ప్యాక్-మ్యాన్ మూలను కోసుకుంటూ తిరుగుతుంది. దయ్యాలకు ఆ వీలు లేదు. ప్రతి మలుపులోనూ రవ్వంత దూరం కలిసొస్తుంది. తరుముకొచ్చే ఎర్రదాన్ని అలా మూడు మలుపుల్లో వెనక్కి నెట్టాక కూడా ఆటలో ఏమీ లేదంటాడేమో, నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: నాకు పన్నెండేళ్లు. ఇంతవరకు పాత గేములు ఒక్కటీ ఆడలేదు. ఏది ముందు ఆడాలి?

జవాబు: 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌తో మొదలుపెట్టు నాన్నా. ఎలా ఆడాలో ఎక్కడా వెతకవద్దు, ఎవరినీ అడగవద్దు. ఆటే చెబుతుంది. తెర ఎడమవైపు మారియో నిలబడి ఉంటాడు, కుడివైపు అంతా ఖాళీ. ఎటు వెళ్లాలో నీకే అర్థమవుతుంది. నాలుగడుగులు వేయగానే ఎదురుగా ఒక పుట్టగొడుగు జీవి నడుచుకుంటూ వస్తుంది. తగిలితే ప్రాణం పోతుంది, కానీ పోయేది నాలుగడుగుల దూరమే. రెండోసారి ఎగురుతావు. ప్రశ్నార్థకం ఉన్న పెట్టెను తలతో కొడితే ఒక మంచి పుట్టగొడుగు బయటికొస్తుంది. దాన్ని చూసి నువ్వు ముందు భయపడతావు. అది కుడివైపు జారిపోయి, గొట్టానికి తగిలి, నీవైపే తిరిగొస్తుంది. తప్పించుకునే సందు పెద్దగా ఉండదు. తగలగానే మారియో పెద్దవాడవుతాడు! అప్పటికి నీకు ఎగరడం, శత్రువు, బహుమతి మూడూ తెలిసిపోతాయి. ఒక్క అక్షరం చదవకుండానే. షిగేరు మియమోతో, తకాషి తెజుకా ఆ మొదటి తెరను ఎంత ఆలోచించి పేర్చారో చూడు.

ఇంకొక్క మాట. బటన్ ఎంతసేపు నొక్కి ఉంచితే అంత ఎత్తు ఎగురుతాడు. మొదటి అరగంట ఆ ఒక్కదాన్నే సాధన చెయ్యి.

ప్రశ్న: అదే మారియోను కొత్త టీవీలో ఆడుతుంటే ప్రతి గోతిలోనూ పడిపోతున్నాను. ఒకప్పుడు కళ్లు మూసుకుని దాటేవాడిని. వయసు మీదపడి చేతులు మందగించాయంటారా?

జవాబు: చేతులను అనే ముందు టీవీని చూడండి. పాత గాజుగొట్టం టీవీ సంకేతం అందిన వెంటనే గీత తర్వాత గీతగా బొమ్మ గీసేసేది. ఇప్పటి పలక టీవీ ఒక బొమ్మ మొత్తాన్ని దాచుకుని, నునుపు చేసి, రంగులు సరిదిద్ది, ఆ తర్వాత చూపిస్తుంది. సినిమాకు అది మంచిదే. ఆటకు ప్రాణాంతకం.

లెక్క చూడండి. మారియో ఆట సెకనుకు 60 సార్లు తెరను తిరగగీస్తుంది. పూర్తి వేగంతో పరిగెత్తే మారియో ఒక్కో బొమ్మకు రెండున్నర చుక్కలు (పిక్సెళ్లు) ముందుకు కదులుతాడు. టీవీ సెకనులో పదో వంతు ఆలస్యం చేసిందనుకుందాం. అంటే ఆరు బొమ్మలు, 15 చుక్కలు. ఆటలో ఒక ఇటుక వెడల్పు 16 చుక్కలు. గోతి అంచు ఇంకా ఒక ఇటుక దూరంలో ఉందని మీ కంటికి కనిపిస్తున్నప్పటికే ఆటలోని మారియో అంచు మీదికి చేరిపోయి ఉంటాడు. మీరు పడటంలో వింతేముంది?

టీవీ సెట్టింగుల్లో "గేమ్ మోడ్" ఉంటుంది, పెట్టండి. కదలికలను నునుపు చేసే సదుపాయాలన్నీ ఆపేయండి. తీగ లేని కంట్రోలర్ అయితే తీగ తగిలించండి. బొమ్మ అడ్డంగా సాగిపోయి ఉంటే 4:3 నిష్పత్తికి మార్చండి. సాగిన తెర మీద దూరాలు కంటికి తప్పుగా అందుతాయి. ఇవన్నీ చేశాక ఒక వారం ఆడి చూడండి. ఈ ఆలస్యం వల్లే డక్ హంట్ అనే బాతుల వేట ఆటలోని తుపాకీ కొత్త టీవీల మీద పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లని పెట్టె మెరుస్తుంది, తుపాకీలోని కాంతి గ్రాహకం దాన్ని చూడాలి. ఆ మెరుపు సమయానికి రాకపోతే గురి ఎంత సరిగ్గా ఉన్నా తప్పినట్టే.

ప్రశ్న: పాత డాస్ గేమ్ ఒకటి కంప్యూటర్‌లో పెట్టాను. కన్నుమూసి తెరిచేలోపు అయిపోతోంది!

జవాబు: ఆ రోజుల్లో కొన్ని ఆటలు కాలాన్ని గడియారంతో కాకుండా ప్రాసెసర్ వేగంతోనే కొలిచేవి. డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో, పెట్టి ఆడండి. కంట్రోల్ కీ పట్టుకుని ఎఫ్11 నొక్కితే నెమ్మదిస్తుంది, ఎఫ్12 నొక్కితే వేగం పెరుగుతుంది.

ప్రశ్న: టెట్రిస్ పాతది మంచిదా, ఇప్పటిది మంచిదా?

జవాబు: 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఆట నియమం ఇప్పటికీ మారలేదు. పైనుంచి పడే ఏడు రకాల ముక్కలు, నిండిన వరుస మాయం. మారింది ముక్కలు వచ్చే పద్ధతి. చాలా పాత రూపాల్లో ముక్కలు అదృష్టాన్ని బట్టి వస్తాయి. పొడవు ముక్క కోసం పక్కన సందు వదిలి ఎంతసేపు ఎదురుచూసినా రాకపోవచ్చు. ఇప్పటి ఆటల్లో ఏడు ముక్కలనూ ఒక సంచిలో వేసి కలిపినట్టు, ఏడూ ఒక్కొక్కసారి వచ్చాకే మళ్లీ మొదలవుతాయి. అందువల్ల రెండు పొడవు ముక్కల మధ్య 12 కంటే ఎక్కువ ముక్కలు రావు. నా కొలబద్ద ప్రకారం కొత్తదే న్యాయమైనది, కొత్తవాళ్లకు అదే ఇస్తాను. అయినా నేను రోజూ ఆడేది నింటెండో పాత కన్సోల్ టెట్రిసే. రాని ముక్కను నమ్ముకుని కట్టడం కూడా నా తప్పేనని అది నాకు నేర్పింది.

ఆ ఆటలో 29వ లెవెల్ దగ్గర ముక్కలు ఎంత వేగంగా పడతాయంటే, మనిషి చేతికి ఇక అదే హద్దని చాలా ఏళ్లు అనుకున్నారు. తర్వాత ఆటగాళ్లు కంట్రోలర్‌ను వెనకనుంచి వేళ్లతో వరసగా తడుతూ బటన్‌ను బొటనవేలికి తగిలించే పద్ధతి కనిపెట్టారు. 2023 డిసెంబరులో 13 ఏళ్ల బాలుడు 157వ లెవెల్ దాకా వెళితే, చివరికి ఆటే స్తంభించిపోయింది. ముప్ఫై ఏళ్లు దాటిన ఆటలో చేతికి కొత్త విద్య పుట్టింది!

ప్రశ్న: ఎమ్యులేటర్‌లో ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేసుకుని ఆడటం మోసమా?

జవాబు: ఆటను బట్టి చెప్పాలి. ఆర్కేడ్ ఆటల్లో చాలావాటిని నాణేలు రాబట్టడానికే కఠినం చేశారు. వాటిలో నిశ్చింతగా సేవ్ చేసుకోండి. కాంట్రాలో 30 ప్రాణాలిచ్చే రహస్య సంకేతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. ఆ సంకేతం మొదట వచ్చింది 1986 నాటి గ్రేడియస్‌లో. ఆ ఆర్కేడ్ ఆటను కన్సోల్‌కు తెచ్చిన కజుహిసా హషిమోతో, తనకు పరీక్షించేటప్పుడు ఆట మరీ కష్టమనిపించి పెట్టుకున్నాడు. తయారుచేసినవాడికి లేని సంకోచం మనకెందుకు?

ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో మాత్రం ప్రతి అడుగుకూ సేవ్ చేయవద్దని బతిమాలుతున్నాను. 1989 నాటి ఆ ఆటలో మీకు ఇచ్చేది 60 నిమిషాలు. దాని సృష్టికర్త జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడిని తెల్లని దుస్తుల్లో పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, దాన్నిబట్టి రాకుమారుడి కదలికలు గీశాడు. అందుకే ఆ రాకుమారుడు బటన్ నొక్కగానే గాలిలోకి లేవడు, ముందు ఒళ్లు సర్దుకుంటాడు. ఆ బరువును లెక్కలోకి తీసుకుని ఒక అడుగు ముందే నిర్ణయించుకోవడమే ఆట. అడుగడుగుకూ సేవ్ చేస్తే ఆ నిర్ణయమే మిగలదు. లెవెల్ మొదట్లో ఒక్కసారి సేవ్ చేసుకోండి, చాలు. నాలుగో లెవెల్లో అద్దంలోంచి ఒక నీడమనిషి దూకుతాడు. యాపిల్-2 కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో ఇంకొక పాత్రకు చోటు లేక, రాకుమారుడి బొమ్మనే ఒక చుక్క పక్కకు జరిపి దానిమీదే గీసి వాడిని పుట్టించారు. చివర్లో వాడితో కత్తియుద్ధం ఎలా గెలవాలో నేను చెప్పను. మీ దెబ్బ వాడికి తగిలినప్పుడు ఎవరి ప్రాణం తగ్గుతోందో గమనించండి.

ప్రశ్న: పాత క్యాట్రిడ్జ్ పెడితే ఆట వస్తోంది కానీ, సేవ్ చేసుకున్నదంతా పోయింది. ఊది పెడితే బాగవుతుందా?

జవాబు: ఊదవద్దు. నోటి తడికి రాగి కొసలు పాడవుతాయి. ఊదాక పనిచేసినట్టు అనిపించేది తీసి మళ్లీ పెట్టడం వల్లే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. సేవ్ పోవడానికి కారణం లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోవడం. ఆట వేరే చిప్‌లో ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. టంకం పని తెలిసినవారితో బ్యాటరీ మార్పించండి, కొత్తగా సేవ్ అవుతుంది. పోయినవి మాత్రం రావు. ఆ బాధ నాకూ తెలుసు.

ప్రశ్న: నాకు కావలసిన ఆట ఎక్కడా అమ్మకానికే లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు అధికారిక సంకలనాల్లో, పాత ఆటలు అమ్మే గాగ్ (GOG) వంటి ఆన్‌లైన్ దుకాణాల్లో వెతకండి. డూమ్ అనే తుపాకీ ఆట ప్రోగ్రామ్‌ను 1997లో దాని సృష్టికర్తలే బహిరంగపరిచారు కనుక అది దాదాపు ప్రతి యంత్రం మీదా నడుస్తుంది. కానీ మీ నిరాశ నిజమైనది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. తయారుచేసినవాళ్లు బతికి ఉండగానే వాళ్ల పని కనుమరుగైపోతోంది. హక్కులున్న సంస్థలకు ఉత్తరం రాయండి. నేను రాస్తూనే ఉన్నాను.

ప్రశ్న: మా అత్తగారు రోజూ కంప్యూటర్‌లో సాలిటేర్ ఆడతారు. అది వీడియో గేమ్ కిందికి వస్తుందా? ఆవిడకు ఇంకేమైనా ఆట నేర్పవచ్చా?

జవాబు: నిస్సందేహంగా వస్తుంది. 1990లో విండోస్ 3.0తో వచ్చిన ఆట అది, మీ అత్తగారు అనుభవమున్న ఆటగత్తె అన్నమాట. ఆవిడకు మైన్‌స్వీపర్ నేర్పండి. పెద్ద బోర్డులో 480 గళ్లు, 99 బాంబులు ఉంటాయి కానీ, ముందు చిన్న బోర్డుతో మొదలుపెట్టించండి. ఒక్కోసారి చివర్లో ఊహించి నొక్కక తప్పదు. అది ఆ ఆటలో ఉన్న ఒకే అన్యాయం, ముందే చెప్పేయండి. తెరిచిన గడిలో అంకె చుట్టుపక్కల ఎన్ని బాంబులున్నాయో చెబుతుందని అర్థమయ్యాక, ఒక నిటారు అంచు వెంబడి 1, 2, 1 అని వరసగా వచ్చేదాకా ఆగండి. అప్పుడు రెండు ఒకట్లకు ఎదురుగా ఉన్న గళ్లలోనే బాంబులు, 2కు ఎదురుగా ఉన్నది ఖాళీ. ఆ సంగతి మాత్రం మీరు చెప్పవద్దు. మౌస్ ఆవిడ చేతిలోనే ఉంచి, కాసేపు ఆలోచించుకోనివ్వండి.