టైరు బీడింగ్ ఊడి రావడం లేదా?

ప్రశ్న: స్ప్లెండర్ వెనక చక్రానికి ట్యూబు నేనే మార్చుకుందామనుకున్నాను. గాలి పూర్తిగా తీసేసినా టైరు అంచు (బీడింగ్) రిమ్మును వదలడం లేదు. ఎక్కి తొక్కినా కదలదు. బీడింగ్ విప్పే యంత్రం కొనాలా? (సూర్యాపేట)

జవాబు: ఈ సైజు టైరుకు యంత్రం అక్కర్లేదు. వాల్వు పిన్ను బయటికి తీశారో లేదో ముందు చూసుకోండి. పిన్ను నొక్కి వదిలిన గాలి వేరు, పిన్ను తీసేశాక పోయే గాలి వేరు. మిగిలిన ఆ కాస్త గాలే మీ కాలికి ఎదురు తిరుగుతుంది. వాల్వు నట్టు కూడా విప్పేయండి.

ఇక ఎక్కడ తొక్కుతున్నారు? టైరు పక్కభాగం మధ్యలో తొక్కితే రబ్బరు వంగి ఊరుకుంటుంది, అంచులో ఉన్న తీగల కట్ట దాకా ఆ బలం చేరదు. మడమ రిమ్ముకు సెంటీమీటరు దూరంలోపే పడాలి. చక్రం కింద రెండు చెక్కదిమ్మెలు పెట్టండి. రిమ్ముకూ టైరుకూ మధ్య సబ్బు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి, ఒకచోట వదలగానే నాలుగు వేళ్ల దూరం జరిగి మళ్లీ నొక్కండి. అలా చుట్టూ తిరిగాక చక్రం తిప్పి రెండో వైపు చేయాలి.

ఏళ్ల తరబడి విప్పని చక్రంలో తుప్పు బంకలా పట్టేస్తుంది. అలాంటప్పుడు వడ్రంగులు చెక్కల్ని పట్టి బిగించడానికి వాడే ఆరంగుళాల సీ క్లాంపులు రెండు తెచ్చుకోండి. జానెడు ఎడంగా, కొసలు రిమ్మును ఆనుకునేలా బిగించండి. ఒకదాన్ని అర చుట్టు, రెండోదాన్ని అర చుట్టు. రెండు వైపుల అంచులూ ఒకేసారి లోపలికి దిగుతాయి. కంగారుపడి ఒక్కదాన్నే బిగిస్తే అది జారిపోతుంది.

టైరు అంచును రిమ్ము మీంచి లేపే ఇనుప లివర్లు పెట్టేటప్పుడు ఎదురు వైపు అంచును మోకాళ్లతో రిమ్ము మధ్య గాడిలోకి నొక్కి ఉంచండి. లివరు మరీ బిగుసుకుంటే ఆ అంచు గాడిలోంచి పైకి వచ్చేసిందని అర్థం. అక్కడ సరిచేయకుండా ఇక్కడ బలం పెడితే లోపలి తీగలు తెగుతాయి, ఆ టైరు ఇక పనికిరాదు.

ప్రశ్న: బైకుకు అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. స్క్రూడ్రైవర్‌తో తీయబోతే రిమ్ము గీసుకుపోయింది. ఇప్పుడు గాలి నెమ్మదిగా దిగిపోతోంది. (తెనాలి)

జవాబు: ట్యూబ్‌లెస్‌లో గాలిని ఆపేది బీడింగ్ కూర్చునే ఆ అంచే. గీత పైపైనే ఉంటే 400 నంబరు ఎమెరీ కాగితంతో చుట్టువాటంగా రుద్ది, తుడిచి ఎక్కించండి. లోతుగా తెగి ఉంటే రిమ్ము బాగుచేసేవాళ్లకు ఇవ్వాల్సిందే. స్క్రూడ్రైవర్ మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు. గుండ్రటి కొస ఉన్న లివర్లు వాడి, వాటి కింద పాత ఆయిల్ డబ్బా ప్లాస్టిక్ ముక్కలు పెట్టండి.

ఈ రిమ్ముల్లో బీడింగ్ కూర్చునే చోటు పక్కనే చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినప్పుడు టైరు అంచు గాడిలోకి జారిపోకుండా ఆపేది అదే. అందుకే ఇక్కడ కాలి బలం చాలదు. అయిదడుగుల సరుగుడు బాదును ఒక కొస దగ్గర కదలని గుంజకు మడతబందుతో బిగించండి. అక్కణ్నుంచి అడుగు దూరంలో ఒక పొట్టి కర్రను కిందికి వేలాడదీసి, దాని అడుగును రిమ్ము వంపుకు సరిపడేలా నాలుగు వేళ్ల వెడల్పున చెక్కండి. అవతలి కొస మీద 20 కిలోల బరువు వేస్తే టైరు మీద దాదాపు 100 కిలోలు పడుతుంది. గట్టు దాటగానే ‘ఠప్’మంటుంది. డిస్క్ ఉన్న చక్రాన్ని నేల మీద పెట్టవద్దు, పాత కారు టైరు మీద పడుకోబెట్టండి. వంగిన డిస్క్ ఖర్చు టైరు ఖర్చును మించుతుంది.

ప్రశ్న: ట్రాక్టర్ ముందు టైరు 6.00-16. దమ్ము చేశాక బురద ఎండి పట్టేసింది. సమ్మెటతో కొట్టవచ్చా? (మిర్యాలగూడ)

జవాబు: వద్దు. సమ్మెట గురి తప్పితే రిమ్ము అంచు వంగుతుంది, గడ్డపార మొన అయితే ట్యూబును చీరేస్తుంది. బురద కడిగి, సబ్బు నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని ట్రాక్టర్ వెనక ట్రాలీ తగిలించే డ్రాబార్ కింద పడుకోబెట్టి, రిమ్ము పక్కనే చిన్న చెక్క, దాని మీద జాకీ నిలబెట్టి డ్రాబార్‌కు ఆనించి ఎత్తండి. ట్రాక్టర్ బరువే బీడింగ్‌ను కిందికి దించుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టడం మరవద్దు. జాకీ ఎగిరిపడవచ్చు, దాని ఎదురుగా మొహం పెట్టకండి. ఎప్పుడైనా వెనక చక్రం విప్పాల్సి వస్తే, అందులో బరువు కోసం నీళ్లు నింపి ఉంటే అవి దించకుండా మొదలుపెట్టవద్దు.

ప్రశ్న: సబ్బుకు బదులు గ్రీజు రాయవచ్చా? మళ్లీ ఎక్కించేటప్పుడు గాలి ఎంత పెట్టాలి? (అనంతపురం)

జవాబు: గ్రీజు, ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ మూడూ వద్దు. రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. పైగా బ్రేకు కొట్టినప్పుడు టైరు రిమ్ము మీద తిరిగిపోయి ట్యూబు వాల్వు తెగుతుంది. సబ్బు ఆరిపోతుంది, ఆ బెడద ఉండదు. గాలి 40 పీఎస్ఐ దాటనివ్వకండి. టైరు పక్కన అచ్చయిన సన్న గీత చుట్టూ రిమ్ముకు సమాన దూరంలో కనబడితే బీడింగ్ కూర్చున్నట్టే. కూర్చోకపోతే గాలి పెంచకండి, మొత్తం దించి, సబ్బు రాసి మళ్లీ ప్రయత్నించండి. కూర్చున్నాక కంపెనీ చెప్పిన ఒత్తిడికి తగ్గించుకోండి. లారీలకుండే లాక్ రింగు చక్రాల (టైరును విడి ఇనుప రింగు పట్టి ఉంచే రకం) జోలికి ఇంట్లో అసలు వెళ్లవద్దు. సరిగా కూర్చోని రింగు గాలి పట్టేటప్పుడు ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. ఆ చక్రాలకు ఇనుప పంజరంలో పెట్టి గాలి కొట్టే షాపు వెతకండి.