32 జీబీ పాత ఫోన్ నిండిపోతే ముందు ఎక్కడ వెతకాలి?

మీ నాన్నగారి ఫోన్ 32 జీబీదనీ, ర్యామ్ 3 జీబీ అనీ, రోజూ స్టోరేజ్ నిండిందని హెచ్చరిక వస్తోందనీ రాశారు. క్లీనర్ యాప్ వేయాలా, కొత్త ఫోన్ కొనాలా అని అడిగారు. నా అనుభవాన్ని బట్టి ఇప్పటికి ఆ రెండూ అక్కరలేదు. సరిగ్గా అలాంటి ఫోన్‌నే నేను 2018లో కొని, చెన్నైలో ఆరేళ్లు వాడి, తర్వాత మా అమ్మకు ఇచ్చాను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మేము వేలచ్చేరిలో ఉండేవాళ్లం. వీధిలో మోకాటి లోతు నీళ్లు చేరాయి, కరెంటు పోయింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకే వీడియోను పదిమంది పది సార్లు పంపుతున్నారు. ఆ తుపాను మరునాడు బాపట్ల దగ్గర తీరం దాటడంతో అక్కడి మా బావగారి కుటుంబం నుంచి వీడియోలు మొదలయ్యాయి. సాయంత్రానికి ఫోన్ పూర్తిగా నిండిపోయి, చోటు ఖాళీ చేస్తే తప్ప తెరుచుకోనని వాట్సాప్ మొండికేసింది. కంగారులో నేను చేసిన పని యాప్‌లను తీసేయడం. రైలు టికెట్ల యాప్, బ్యాంకు యాప్ తీసేసినా కలిసివచ్చిన చోటు అర జీబీకి మించలేదు. నీళ్లు తీసిన తర్వాత తీరిగ్గా సెట్టింగ్స్‌లో స్టోరేజ్ పేజీ తెరిచి చూస్తే ఒక్క వాట్సాపే 11 జీబీ ఆక్రమించి ఉంది. కాబట్టి ఏదైనా తీసేసే ముందు ఆ పేజీలో ఏది ఎంత తింటోందో చూడండి.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ అని ఉంటుంది. 5 ఎంబీ దాటినవీ, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవీ అక్కడ విడిగా కనిపిస్తాయి. శుభోదయం బొమ్మలు చూడడానికి చిన్నవే, అసలు బరువు వీడియోలది. వాటిని తీసేశాక ఆటో డౌన్‌లోడ్ ఆపకపోతే నెల తిరక్కుండానే మళ్లీ మొదటికి వస్తుంది. మొబైల్ డేటాకే కాదు, వైఫైకి కూడా ఆపాలి. చాలామంది పొరబడేది అక్కడే. ఇంకొక మూల కూడా ఉంది. వాట్సాప్ ఫోల్డర్‌లో డేటాబేసెస్ అనే చోట గత ఏడు రోజుల వరకు చాట్‌ల బ్యాకప్‌లు విడివిడిగా పేరుకుంటాయి. మా అమ్మ ఫోన్‌లో ఒక్కొక్కటీ 300 ఎంబీకి పైగా ఉండేది. ఫైల్ పేరులో తేదీ ఉన్నవి పాతవి, వాటిని తీసేయవచ్చు. తేదీ లేనిది తాజా బ్యాకప్, దాని జోలికి పోకండి. టెలిగ్రామ్ వాడుతుంటే అందులోనూ స్టోరేజ్ యూసేజ్ చూడండి. అక్కడ క్యాష్, అంటే యాప్ త్వరగా చూపడానికి ఫోన్‌లో దాచుకునే తాత్కాలిక ప్రతులు, ఎంత తుడిచినా ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, కావలసినప్పుడు మళ్లీ దించుకోవచ్చు.

క్యాష్ తుడవడం వేరు, డేటా తుడవడం వేరు. యాప్ సమాచారం పేజీలో రెండు మీటలూ పక్కపక్కనే ఉండడం పెద్ద చిక్కు. క్యాష్ తుడిస్తే యాప్ కాసేపు నెమ్మదిస్తుంది, అంతే. డేటా తుడిస్తే యాప్ కొత్తగా వేసినట్టవుతుంది. యూపీఐ యాప్‌లో అలా చేస్తే సిమ్ నుంచి మెసేజ్ పంపి మళ్లీ నమోదు చేసుకోవాలి. వాట్సాప్‌లో చేస్తే బ్యాకప్‌లో లేని సంభాషణలు పోతాయి.

ఫోటోల విషయానికి వస్తే, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ పూర్తయిందని నిర్ధారించుకున్నాక ఫ్రీ అప్ స్పేస్ అనే సదుపాయం వాడితే ఫోన్‌లోని ప్రతులు మాత్రమే పోతాయి. అలా కాకుండా అదే యాప్‌లో ఫోటోను ఎంచుకుని డిలీట్ చేస్తే అకౌంట్‌లోని ప్రతి కూడా పోతుంది. 2021 జూన్ 1 నుంచి బ్యాకప్ అయ్యే ఫోటోలన్నీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి ఇచ్చే 15 జీబీ ఉచిత కోటాలోకే లెక్కవుతున్నాయి కనుక, అస్పష్టంగా వచ్చినవి ముందే ఏరివేయడం మంచిది. ట్రాష్ కూడా ఖాళీ చేయండి, ఎందుకంటే గ్యాలరీలో తీసేసినవి కొన్నాళ్లు అందులోనే ఉండి చోటు వదలవు.

ఫోన్ నెమ్మదించడానికి కూడా కొంతవరకు కారణం ఈ నిండుదనమే. ఫోన్‌లోని ఫ్లాష్ మెమరీ పలక లాంటిది. ఉన్న రాతను తుడవకుండా దాని మీద కొత్తది రాయలేదు. తుడిచి సిద్ధంగా ఉంచిన చోటు లేకపోతే ప్రతి చిన్న రాతకూ ముందు తుడుపు పని పడుతుంది. అందుకే నేను ఎప్పుడూ 4 జీబీకి తగ్గకుండా ఖాళీ ఉంచుతాను.

ర్యామ్ సంగతి వేరు. అది ఆ క్షణాన నడుస్తున్న యాప్‌ల కోసం ఉన్నది, ఫోటోలు తీసేస్తే పెరగదు. ఖాళీ ర్యామ్ వల్ల లాభమూ లేదు. వాడిన యాప్‌లను ఆండ్రాయిడ్ అందులో అట్టే ఉంచి, చోటు అవసరమైనప్పుడు తానే తీసేస్తుంది. క్లీనర్ యాప్ వాటిని బలవంతంగా ఆపితే అవి మళ్లీ మొదటి నుంచి తెరుచుకోవడానికి సమయమూ బ్యాటరీ రెండూ ఖర్చవుతాయి. పైగా ఆ క్లీనర్ తానే వెనుక నడుస్తూ ప్రకటనలు చూపిస్తుంది. 3 జీబీ ఫోన్‌కు నిజంగా పనికివచ్చేది బరువైన యాప్‌ల సంఖ్య తగ్గించడం. ఫేస్‌బుక్‌కు లైట్ రూపం ఉంది, అరుదుగా చూసే దుకాణాల యాప్‌లకు బదులు బ్రౌజర్ చాలు.

మెమరీ కార్డు వేద్దామనుకుంటే ఒక హెచ్చరిక. ఫుట్‌పాత్ మీద చవకగా దొరికిందని నేను 128 జీబీ అని ముద్రించిన కార్డు కొన్నాను. ఫోన్ కూడా 128 అనే చూపించింది. అసలు సామర్థ్యం అందులో చిన్న భాగమే కావడంతో, అది దాటాక వేసిన మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫోటోలు ఒక్కటీ తెరుచుకోలేదు. అప్పటి నుంచి బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొని, కార్డును పూర్తిగా నింపి తిరిగి చదివించి చూశాకే వాడుతున్నాను. ఫోటోలు, పాటలు దాని మీద ఉంచవచ్చు కానీ అవి ఒక్క కార్డు మీదే ఉండకూడదు.

మా అమ్మ ఫోన్‌లో ఇప్పుడు 9 జీబీ ఖాళీ ఉంది. నెలకొకసారి ఆదివారం నాడు వాట్సాప్, గూగుల్ ఫోటోస్ తెరిచి చూస్తాను, పది నిమిషాల పని. అయితే ఆ ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం ఆగిపోయినందువల్ల యూపీఐ మాత్రం నా ఫోన్‌లోకి మార్చాను. మీ నాన్నగారిది కూడా అలాంటి స్థితిలో ఉంటే, కొత్త ఫోన్ కొనడానికి స్టోరేజ్ కంటే అదే సరైన కారణం.