తల్లికి నిద్ర గోలీలు, పాపకు మత్తు: అడగాల్సింది టానిక్ గురించేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది జగిత్యాల దగ్గర పల్లె. నా భార్యకు 26 ఏళ్లు. బాబుకు రెండున్నరేళ్లు, పాపకు ఏడు నెలలు. పాప పుట్టాక ఆమెకు నిద్ర పట్టేది కాదు, ఊరికే ఏడ్చేది. మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రాజోలం 0.5 తెచ్చి ఇచ్చాను. మొదట్లో రాత్రికి ఒకటి వేసుకునేది. ఐదు నెలలయింది, ఇప్పుడు రోజుకు మూడు వేసుకుంటేగానీ ఉండలేకపోతోంది. పాప తల్లిపాలు తాగుతుంది. ఎప్పుడూ మగతగా ఉంటుంది, బరువు పెరగడం లేదు, పెద్దగా నవ్వదు. బాబుకు మాటలు తక్కువ, మొండితనం ఎక్కువ. మా అమ్మ గోలీలు రేపటి నుంచే బంద్ చేయమంటోంది. పాపకు బలానికి ఏ టానిక్ వాడాలి?
– ఒక పాఠకుడు

సమాధానం: టానిక్ ఇప్పుడు వద్దు. ముందు రెండు పనులు చెబుతాను, ఈ రోజే పాటించండి. గోలీలు ఒక్కసారిగా మాన్పించకండి. ఈ రాత్రి నుంచి పాపను తల్లి పక్కలో పడుకోబెట్టకండి.

ఆల్‌ప్రాజోలం నెలల తరబడి రోజూ వేసుకున్నవాళ్లు హఠాత్తుగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఉన్న కాస్త నిద్రా పోతుంది. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మీ ప్రాంతానికి ఇది కొత్త కాదు. 2015లో కల్తీ కల్లు సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది ఇవే లక్షణాలతో ఆసుపత్రుల్లో చేరారు. ఆ కల్లులో మత్తు కోసం కలిపేవాటిలో ఈ మందు కూడా ఉంటుంది. అన్నట్టు, మీ ఇంట్లో ఆమెకు కల్లు ఇస్తున్నారా? పాలు బాగా పడతాయని బాలింతకు తాగించే ఇళ్లున్నాయి, అందుకే అడుగుతున్నాను. గోలీ మీద కల్లు పడితే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. ఇస్తుంటే మానేయండి, డాక్టరు దగ్గర మాత్రం దాచకండి.

ఇక పడక సంగతి. మత్తులో ఉన్న మనిషికి తన చేయి పాప ముఖం మీద పడినా, దుప్పటి కప్పుకుపోయినా తెలియదు. పాపను అదే గదిలో విడిగా, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. రాత్రి పాప లేస్తే మీరో, మీ అమ్మగారో లేవండి. గోలీల స్ట్రిప్పు బాబుకు అందని చోట తాళం వేసి పెట్టండి. ఆ వయసు పిల్లలు బిళ్లను చాక్లెట్ అనుకుని నోట్లో వేసుకుంటారు.

పాప మగతకు ఈ మందు కారణం కావచ్చు. కొంత పాలలోకి వెళ్తుంది, కొందరు పిల్లల్లో మగత, సరిగా పాలు తాగకపోవడం చూస్తాం. అయితే పాపను చూడకుండా అదే కారణమని నేను రాయలేను. రక్తహీనత, థైరాయిడ్ కూడా చూడాలి. ఆరు నెలలు నిండాక పైతిండి మొదలుపెట్టారో లేదో కూడా మీరు చెప్పలేదు. పాలు మాన్పించాలా అన్నది మీ అంతట మీరు తేల్చుకోకండి. మందుకు అలవాటుపడిన పాపకు ఒక్కసారిగా పాలు ఆపినా చికాకు, వణుకు రావచ్చు.

మీరు అడగకపోయినా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది పిల్లలకూ తల్లికీ మధ్య జరుగుతున్నది. ఏడు నెలల పాప తల్లి ముఖంలోకి చూసి ‘బబ్బబ్బ’ అంటుంది, అని ఒక్క క్షణం ఆగుతుంది. తల్లి ‘అవునా బంగారం’ అంటే కాళ్లు కొట్టుకుంటూ మళ్లీ అంటుంది. మాటలు వచ్చేది, మనిషి మీద నమ్మకం కుదిరేది ఇలాగే. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మానసిక శాస్త్రవేత్త తల్లులను కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా పిల్లల ఎదుట కూర్చోమన్నారు. పిల్లలు మొదట నవ్వి పిలిచారు, చేతులు చాచారు, చివరికి ముఖం తిప్పేసుకున్నారు. అక్కడ అది కొద్ది నిమిషాలే. మీ ఇంట్లో గంటలు గంటలు జరుగుతూ ఉండవచ్చు. పెద్దగా నవ్వదని మీరు రాసిన మాట చదివి నాకు భయమేసింది అందుకే.

బాబు విషయం ఇంకో రకం. ఈ మందు ప్రభావం త్వరగా దిగిపోతుంది. దిగేటప్పుడు గుండెదడ, విసుగు, కోపం. పొద్దున పిలిస్తే పలకని అమ్మ సాయంత్రం చిన్నదానికే అరుస్తుంది, ఒక దెబ్బ కూడా వేస్తుంది. ఏది చేస్తే అమ్మ ఎలా ఉంటుందో వాడికి అంతుపట్టదు. గట్టిగా ఏడిస్తేనే ఎవరో ఒకరు వస్తారని నేర్చుకుంటాడు, దాన్నే మనం మొండితనం అంటాం. రెండున్నరేళ్లకు రెండు మూడు పదాలు కలిపి మాట్లాడాలి. వినికిడి పరీక్ష చేయించండి, చేతిలో ఫోన్ ఉంటే తీసేయండి, రోజూ కాసేపు మీరే వాడితో కూర్చుని మాట్లాడండి.

ఆమెకు ప్రేమ లేక ఇలా జరగడం లేదు. కాన్పు తర్వాత నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం అంటే ప్రసవానంతర డిప్రెషన్ అయ్యుండవచ్చు. పది ప్రశ్నల చిన్న పరీక్షతో అనుమానించదగ్గ జబ్బు ఇది, పాలిచ్చే తల్లికి తగిన మందులూ ఉన్నాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూస్తే ఖర్చు కూడా పెద్దగా కాదు. ఐదు నెలల క్రితం డాక్టరుకు చూపించి ఉంటే కథ వేరుగా ఉండేది. మీరు షాపుకు వెళ్లారు. ఆల్‌ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న మందుల జాబితాలోది. 2014 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. ప్రతిసారీ అడగ్గానే ఇచ్చిన షాపువాళ్లది తప్పే, ఐదు నెలలు తెచ్చి ఇచ్చిన మీదీ తప్పే. కోపంతో అనడం లేదు. నడుం నొప్పికి ట్రమడాల్, దగ్గుకు కోడిన్ సిరప్ కూడా బాలింతలకు ఇలాగే కౌంటర్ మీద తెచ్చి ఇస్తుంటారు. అవీ పాలలోకి వెళ్తాయి, చంటిబిడ్డ ఊపిరిని మందగింపజేయగలవు. దయచేసి ఇక మీదట వద్దు.

ఈ వారంలోనే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. డోసును కొద్దికొద్దిగా, వారాల మీద తగ్గిస్తారు, అవసరమైతే మందు మారుస్తారు. ఎంత, ఎప్పుడు తగ్గించాలో ఆమెను చూసినవాళ్లే చెప్పాలి, నేను ఇక్కడ రాయను. హైదరాబాద్ వెళ్లగలిగితే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. బయల్దేరేలోగా ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదని గానీ, పాపను ఏమైనా చేస్తానేమోనని గానీ ఆమె నోట వస్తే వారం ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి.

పాపను రేపే పిల్లల డాక్టరుకు చూపించండి. లేపినా లేవకపోయినా, పాలు తాగకపోయినా, శ్వాస ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలం తిరిగినా 108కి ఫోన్ చేయండి. ఖాళీ స్ట్రిప్పులు, బరువులు రాసిన అంగన్‌వాడీ కార్డు వెంట తీసుకెళ్లండి, పాలిస్తున్న తల్లి రోజుకు మూడు గోలీలు వేసుకుంటోందని మొదటి మాటగా చెప్పండి.