అమెరికాలో ట్రైలర్ కొనాలా? ముందు రెండు వారాలు అద్దెకు తీసుకోండి

ప్రశ్న: మాది కావలి. నేను జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా, నా భార్య హైస్కూల్ టీచర్‌గా రిటైరయ్యాం. ఇద్దరికీ కలిపి నెలకు 95 వేల పెన్షన్ వస్తుంది. ఏడాదిన్నర కిందట నా పేరున సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షలు వేశాను. ఆమె పేరున 14 లక్షల ఎఫ్‌డీ ఉంది. అమ్మాయి, అల్లుడు డల్లాస్‌లో ఉంటారు. ఏప్రిల్‌లో వెళ్లి, ఆరు నెలలు ట్రైలర్‌లో, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంట్లో ఉంటూ అమెరికా చూడాలని మా కోరిక. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ 16 వేల డాలర్లు, దాన్ని లాగే పికప్ ట్రక్కు 22 వేల డాలర్లు అంటున్నారు. తిరిగొచ్చే ముందు అమ్మేస్తాం కాబట్టి పెద్ద నష్టం ఉండదనుకుంటున్నాను. స్కీము డబ్బు తీయవచ్చా?

జవాబు: మాస్టారూ, ప్రయాణం తప్పకుండా చేయండి. ఇద్దరికీ ఓపిక ఉన్నప్పుడే చేయాల్సిన పని ఇది. స్కీము డబ్బు మాత్రం ముట్టుకోకండి, ట్రైలర్ ఇప్పుడే కొనకండి.

డాలరు 90 రూపాయలు అనుకుంటే 38 వేల డాలర్లంటే 34 లక్షల 20 వేలు. మీ ఇద్దరి పేరునా ఉన్నది 44 లక్షలు. సీనియర్ సిటిజన్ స్కీములో కొంత తీసి కొంత ఉంచడం కుదరదు, ఖాతా మొత్తం మూసేయాలి. రెండేళ్లు నిండలేదు కాబట్టి అసలులో ఒకటిన్నర శాతం, అంటే 45 వేలు కోస్తారు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి వచ్చే 61,500 కూడా ఆగిపోతుంది.

ఇక అమ్మకం సంగతి. టెక్సాస్‌లో బండి కొన్నప్పుడు 6.25 శాతం పన్ను కట్టాలి. రెండింటికీ కలిపి సుమారు 2,400 డాలర్లు. అది తిరిగి రాదు. మీరు అమ్మేది తిరుగు టికెట్ చేతిలో పెట్టుకుని, వేసవి సీజన్ అయిపోయాక. తొందరలో ఉన్నవాడి దగ్గర కొనేవాడు బేరం గట్టిగా ఆడతాడు. ధర నాలుగో వంతు తగ్గిందనుకున్నా పన్నుతో కలిపి పది లక్షల పైమాటే. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ ఇందులో లేవు. పైగా ఆరు నెలలు ఖాయమనుకోవద్దు. టూరిస్టు వీసా మీద వెళ్లినవారికి మామూలుగా ఆరు నెలలే ఇస్తారు గానీ, తేదీ వేసేది అక్కడ దిగాక ఇమిగ్రేషన్ అధికారి. ఆ తేదీ చూడకముందే 34 లక్షలు పెట్టేయడం నాకు అస్సలు నచ్చలేదు.

నన్ను ఇంకా ఎక్కువ టెన్షన్ పెట్టేది మొదటి పది, పదిహేను రోజులు. మీ ఉత్తరంలో ఆ ఖర్చు ఎక్కడా లేదు. ట్రైలర్ కొన్నవాడికి కరెంటు వైరు, మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం, చక్రాల కింద పెట్టే దిమ్మెలు, ట్రైలర్ బ్రేకులను ట్రక్కులోంచి వేసే బ్రేక్ కంట్రోలర్, పక్కలకు పొడుగ్గా వచ్చే అద్దాలు అన్నీ విడిగా కొనాల్సి రావచ్చు. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద పడాలి. సామానంతా వెనక సర్దితే హైవే మీద తోక ఊపినట్టు ఊగుతుంది, బండి చేతిలో ఉండదు. 40 గ్యాలన్ల ట్యాంకు నిండా నీళ్లు పడితే అదొక్కటే 150 కిలోలు. వెనక్కి తిప్పేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురు దిశలో పోతుంది. అదీ రోడ్డుకు కుడివైపున నడపడం అలవాటు లేని మనిషికి! సింకు నీళ్లు ఒక ట్యాంకులోకి, టాయిలెట్‌వి ఇంకో ట్యాంకులోకి పోతాయి. వాటిని ఎక్కడ పడితే అక్కడ వదలకూడదు, డంప్ స్టేషన్‌కు వెళ్లి ఖాళీ చేయాలి. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు, నెల తిరిగేసరికి వచ్చేస్తాయి. కానీ నేర్చుకునే రోజుల్లో విరిగేవి, గీసుకుపోయేవి సొంత బండివైతే సొంత డబ్బే పోతుంది.

అందుకే మొదటి రెండు వారాలు అద్దె ట్రైలర్‌లో ఉండండి. యజమానే తెచ్చి క్యాంప్‌గ్రౌండ్‌లో, అంటే ట్రైలర్లు ఆపుకునే అద్దె స్థలంలో నిలబెట్టి, కరెంటు, నీళ్లు కలిపి వెళ్లే పద్ధతి అక్కడ ఉంది. మీకు లాగే పని ఉండదు, ట్రక్కు అక్కర్లేదు, అల్లుడు గారి కారులో తిరగవచ్చు. అద్దె కారుతో లాగుదామనుకోకండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు. ట్రైలర్‌కు రోజుకు 120 డాలర్లు, స్థలానికి 60, తెచ్చి పెట్టే చార్జీలు, ఫీజులు వగైరా కలిపి ఇంకో 500 వేసుకోండి. మొత్తం మూడు వేల డాలర్లు, అంటే 2 లక్షల 70 వేలు. ఇది అమ్మగారి ఎఫ్‌డీలోంచి తీయవచ్చు. ఆ ఇరుకు మంచం మీద ఇద్దరికీ నిద్ర పడుతోందా, ఆ చిన్న వంటగదిలో చేపల పులుసు పెట్టాక వాసన మధ్య ఉండగలరా, ఈ రెండూ అక్కడే తేలిపోతాయి. బాగుందనిపిస్తే మరో నెల అద్దెకే తీసుకోండి.

డబ్బు పంపేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇలాంటి ఖర్చులకు ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి విదేశాలకు పంపితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది, అందాకా ఇరుక్కుపోయినట్టే. ఫారెక్స్ కార్డులో వేసుకునే డబ్బు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పరిమితి ఇద్దరికీ విడివిడిగా ఉంటుంది, మార్చి 31తో పాత లెక్క ముగుస్తుంది. నేను చెప్పిన పద్ధతిలో వెళ్తే మీకు ఆ పరిమితి దాటే పనే రాదు.

ఆరోగ్య బీమా దగ్గర మాత్రం దయచేసి పొదుపు చూడకండి. ఉద్యోగుల హెల్త్ స్కీము కార్డు అక్కడ పనిచేయదు. తక్కువ ప్రీమియం పాలసీలు చాలావరకు ఒక్కో చికిత్సకు ఇంత అని గిరి గీసుకుని ఇస్తాయి, మిగతా బిల్లు మీదే. అది వద్దు. బిల్లులో ఎక్కువ భాగం భరించే సమగ్ర పాలసీ, మనిషికి కనీసం లక్ష డాలర్ల కవర్ తీసుకోండి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఎంత ఇస్తారో పాలసీ కాగితంలోనే చదవండి, ఏజెంటు నోటిమాట నమ్మవద్దు.

చిన్నవి కొన్ని. ఆర్టీఓ ఆఫీసులో వెయ్యి రూపాయలకు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. ఒరిజినల్ లైసెన్సు కూడా పట్టుకెళ్లండి. అల్లుడు గారి కారు ఇన్సూరెన్సులో మీరు నడపవచ్చో లేదో ముందే అడిగించండి. యెల్లోస్టోన్, గ్రాండ్ కేనియన్ లాంటి 11 పెద్ద పార్కుల్లో 2026 నుంచి విదేశీయులకు ప్రవేశ రుసుము మీద మనిషికి 100 డాలర్లు అదనం. 250 డాలర్ల వార్షిక పాస్ కొంటే ఆ అదనం ఉండదు, కాబట్టి రెండు పార్కులు చూసినా పాసే చవక. అక్కడివాళ్లకు దొరికే చవక సీనియర్ పాస్ మీకు ఇవ్వరు. పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల ప్రయాణంలో పడుతుందేమో ట్రెజరీలో కనుక్కుని బయల్దేరండి.

రెండు వారాలు గడిచాక, ఐ-94లో (ఇమిగ్రేషన్ వాళ్ల రాక రికార్డు) ఎప్పటిదాకా ఉండవచ్చని వేసిన తేదీ, అప్పటిదాకా అయిన ఖర్చు నాకు రాసి పంపండి. అప్పటికీ కొనాలనే ఉంటే, ఒకచోట నిలిపి ఉండటానికి ట్రైలర్ ఒక్కటి చాలు, ట్రక్కు వద్దు. దాని డబ్బు ఎక్కడి నుంచి తీయాలో అప్పుడు కూర్చుని చూద్దాం.