నమూనాల తయారీ కోర్సుకు ముందు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: ఇంటర్ పూర్తయింది. భవనాల నమూనాలు తయారుచేసే కోర్సులో చేరబోతున్నాను. కాలేజీ తెరిచేలోపు ఇంట్లో ఏం సాధన చేయాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఖరీదైన పనిముట్లు ఇప్పుడే కొనకండి, స్టీలు స్కేలు, కట్టర్, మూలమట్టం, ఫెవికాల్ చాలు. అన్నిటికంటే ముందు అలవడవలసింది కొలతల లెక్క. 1:100 స్కేలులో మీటరు ఒక సెంటీమీటరు అవుతుంది కనుక, 23 సెంటీమీటర్ల ఇటుక గోడకు సుమారు 2 మిల్లీమీటర్ల అట్ట సరిపోతుంది. అక్కడ 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు వాడితే అది అర మీటరు మందమున్న కోటగోడలా కనిపిస్తుంది. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

అట్టను ఒక్క గాటుతో తెగ్గోయాలని చూడకుండా, స్కేలు కదలనీయక, అదే గీత మీద మూడు నాలుగుసార్లు తేలికగా బ్లేడు నడపండి. అంచు నునుపుగా రావాలంటే వేరే దారి లేదని నా నమ్మకం. థర్మాకోల్‌కు ఫెవికాలే వాడండి. ఘాటైన వాసన వచ్చే రబ్బరు జిగుర్లు దాన్ని కరిగించివేస్తాయి.

వీలైతే ఒక ఆదివారం గండికోటకు వెళ్లి, అక్కడి ధాన్యాగారాన్ని అడుగులతో కొలిచి, పెన్సిలుతో గీసుకొని వచ్చి, దాన్నే మీ తొలి నమూనాగా చేయండి. దాని వంపు పైకప్పు మీకు మంచి పరీక్ష అవుతుంది. అట్టకు ఒకవైపు దగ్గర దగ్గరగా, లోతు లేని గాట్లు పెడితే అది మడత పడకుండా వంగుతుంది.